ఆచార్య గుణశేఖర్ గారి కాణిపాకం స్నానం

చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రజలకు తెలియజేయడమేమనగా, అప్పు ఇవ్వడానికి భయపడవలసిన రోజులు పోయాయి. ఎవరికిస్తే తిరిగి వస్తుందో, ఎవరికిస్తే రాదో ఇకమీదట శాస్త్రమే చెబుతుంది. మనిషి ముఖం చూడనక్కర్లేదు, ఊళ్ళో విచారించనక్కర్లేదు, కరెంటు మీటరు చూస్తే చాలు. ఈ సత్యాన్ని కనుగొన్నవారు తిరుపతిలో కొండ కింద ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో సహాచార్యులుగా పనిచేస్తూ, ఆచార్యులు కావడానికి ఉత్తర్వు తప్ప మిగిలిన అర్హతలన్నీ సంపాదించుకున్న డాక్టర్ గుణశేఖర్ గారు.

ఆయన గ్రంథం పేరు ‘రుణ ప్రమాదం, సుస్థిర ఇంధన వినియోగ సామర్థ్యం: ప్రపంచ పరిశోధనా ధోరణులు’. పేరు చదివేసరికి సగం మందికి గౌరవం కలుగుతుంది, మిగిలిన సగం మందికి ఆవలింత వస్తుంది. రెండూ మంచి పరిశోధనకు లక్షణాలే. ఈ గ్రంథం కోసం ఆయన ఎవరికీ అప్పివ్వలేదు, ఎవరి గడపకూ వసూలుకు పోలేదు, ఏ పొయ్యి దగ్గరా కూర్చుని ఎంత మంట ఎందుకు మండుతోందో చూడలేదు. అవన్నీ పాతకాలం పరిశోధకుల చాదస్తాలు. ఇప్పుడు ఎవరూ పరిశోధన చేయరు. చేసినవాళ్ళ పరిశోధన ఎటు పోతోందో చూస్తారు. దాన్నే ధోరణుల అధ్యయనం అంటారు.

పద్ధతి చాలా నిర్మలమైనది. దేశదేశాల పరిశోధనా వ్యాసాలన్నీ కంప్యూటర్‌లో పోశారు. వాటిలో ఒక్కటి కూడా గుణశేఖర్ గారు చదవలేదు. చదివితే ఒక వ్యాసం మీద అభిమానం, ఇంకో వ్యాసం మీద కోపం కలుగుతాయి కదా, పరిశోధకుడికి రాగద్వేషాలు కూడవు. ఏ మాట పక్కన ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటరే చూసి, రంగురంగుల బుడగల బొమ్మ ఒకటి గీసి ఇచ్చింది. అందులో ఎర్ర బుడగ రుణ ప్రమాదం, ఆకుపచ్చ బుడగ సుస్థిర ఇంధన వినియోగం. రెంటికీ మధ్య వెంట్రుకంత గీత ఉంది. ఆ గీతను గుణశేఖర్ గారు చాలాకాలం తదేకంగా చూశారు. చూసి చూసి, ఇంధనం తక్కువ వాడేవాడు అప్పు తప్పక తీరుస్తాడని తేల్చారు. పెళ్ళిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా మొగుడూ పెళ్ళాలే అనుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే తప్పని అనగలిగిన మనిషి ఆ విభాగంలో ఎవరూ లేరు. ఉన్నవాళ్ళు కూడా తమ తమ బుడగలు చూసుకుంటూ ఉన్నారు.

ఈ కృషికి మెచ్చి విశ్వవిద్యాలయం వారు ఆయనకు ఒక పరిశోధనా కేంద్రం కట్టించారు. ఇంధన పొదుపు మీద ఆలోచించడానికి చల్లదనం అవసరం కాబట్టి అందులో గదికో ఏసీ పెట్టారు. ఏసీ గాలికి చలి వేస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి పెట్టుకుంటారు. మేడ మీద సౌర ఫలకాలు కూడా ఉన్నాయి. మంత్రిగారు వచ్చి ప్రారంభించేదాకా దుమ్ము పడకుండా వాటి మీద టార్పాలిన్ కప్పి, తాళ్ళతో గట్టిగా కట్టారు. మంత్రులు ఇద్దరు మారారు గానీ టార్పాలిన్ మారలేదు.

శంఖంలో పోస్తేనే తీర్థం కదా. ఆరణియార్ అభ్యుదయ బ్యాంకు వారు ఈ తీర్థం పుచ్చుకోవడానికి ముందుకు వచ్చారు. ఆ బ్యాంకు పెద్ద పెద్ద మనుషులకు పెద్ద పెద్ద అప్పులిచ్చి, తిరిగి అడగడానికి పోతే గేటు దగ్గర కుక్కలను తప్ప ఎవరినీ కలవలేకపోయిన అనుభవం గలది. అందుకని చిన్నవాళ్ళకు అప్పులిచ్చే విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలని నిర్ణయించుకుంది. ప్రాంతీయ అధికారి రఘునాథ్ గారు బుడగల బొమ్మను ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు. కంప్యూటర్ పనులు చూసే ఢిల్లీబాబు ఆ బొమ్మను ‘హరిత విశ్వాస సూచీ’గా మార్చాడు. అప్పు కావలసినవాడి పేరు, మీటరు నంబరు కొడితే మార్కులు వచ్చేస్తాయి. బ్యాంకు దీన్ని జిల్లాలన్నిటా అమలు చేస్తే గుణశేఖర్ గారికి ఆచార్య పదవి ఖాయమని వైస్ ఛాన్సలర్ గారు నోటితో చెప్పారు. నోటితో చెప్పిన మాటకు ఏ సూచీలో ఎన్ని మార్కులో గుణశేఖర్ గారు ఆలోచించలేదు.

సూచీ పని మొదలుపెట్టగానే అద్భుతాలు కనబడ్డాయి. అందరికంటే ఎక్కువ మార్కులు కార్వేటినగరంలో మూతపడిన ఒక బియ్యం మిల్లుకు వచ్చాయి. తాళం తుప్పు పట్టిన నాటి నుంచి ఆ మిల్లు ఒక్క యూనిట్ కరెంటు కాల్చలేదు. ఆ ఊళ్ళోనే ఉన్న పాత కోటకు కూడా అన్నే మార్కులు వచ్చేవి గానీ, అప్పు తీసుకోవడానికి రాజావారు లేరు. గూడూరులో నిమ్మకాయలు నిల్వచేసే శీతల గిడ్డంగి ఒకటి, కరెంటు వాళ్ళు ఫ్యూజు పీక్కుపోయిన దగ్గర్నుంచి, ఆదర్శ సంస్థగా నమోదైంది. అందులో నిమ్మకాయలు లేవు, చల్లదనమూ లేదు, సామర్థ్యం మాత్రం సంపూర్ణంగా ఉంది. అడుగున ఉన్నవాళ్ళెవరంటే పిండిమర తిప్పేవాళ్ళు, రాత్రీ పగలూ మిషను కుట్టేవాళ్ళు, హోటలు పొయ్యి ఆర్పనివాళ్ళు. ఒక్క మాటలో చెప్పాలంటే పని చేసేవాళ్ళు. వాళ్ళు ఇంత ప్రమాదకరమైన మనుషులని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ అట్టడుగు జాబితాలో జ్ఞానాంబ ఒకరు.

జ్ఞానాంబది కాణిపాకం దారిలో బెల్లం గానుగ. చుట్టుపక్కల రైతులు చెరకు తెస్తే ఆడి, రసం కాచి, బెల్లం పోసి ఇస్తుంది. చెరకు ఆడగా మిగిలిన పిప్పిని కల్లంలో ఎండబెట్టి, దాన్నే పొయ్యిలో వేస్తారు. అంటే చెరకును చెరకే ఉడికిస్తుంది, ఒక్క కట్టె కొనే పని లేదు. ఇంతకంటే సుస్థిరమైన ఇంధనం ప్రపంచంలో ఎక్కడైనా ఉందేమో గుణశేఖర్ గారి బుడగల్లో వెతకాలి. కానీ ఢిల్లీబాబు సూచీలో పిప్పి అనే గడి లేదు. గడి లేని ఇంధనాన్ని దొంగ ఇంధనంగా లెక్కగట్టమని సూచీకి నేర్పారు. ఎండ వాడినందుకు మార్కులు ఇవ్వాలంటే ఎండకు బిల్లు చూపించాలి. సూర్యుడు బిల్లు ఇవ్వడు. ఇక గానుగ మోటారు తిరిగితే మీటరు తిరుగుతుంది, పొగగొట్టం నుంచి పొగ వస్తుంది. జ్ఞానాంబకు సున్నాకు కాస్త పైన వచ్చింది.

ఆమె అడిగిన అప్పు ఎందుకంటే, గానుగ రోలర్లలో ఒకటి పగిలింది. అతుకు వేయించి ఒక ఏడాది నెట్టుకొచ్చింది, ఇక అతుకు నిలవదన్నారు. కొత్తది బిగిస్తేనే ఈసారి గానుగ ఆడుతుంది. చెరకు నరికే రోజులు దగ్గరపడుతున్నాయి. నరికిన చెరకు ఎవరి కోసమూ ఆగదు, ఎండిపోతుంది. ఒక్క ఏడు గానుగ ఆడకపోతే రైతులు వేరే దారి చూసుకుంటారు, పొయ్యి దగ్గర పనిచేసే ఆడామగా బెంగళూరు బస్సు ఎక్కుతారు, ఆ తర్వాత గానుగ ఉన్నా లేనట్టే. ఇది జ్ఞానాంబకు తెలుసు. సూచీకి తెలియదు. గుణశేఖర్ గారికి తెలుసు గానీ, తెలిసిన సంగతి పరిశోధనలో వాడుకోవడం పద్ధతి కాదు.

ఆయనకెలా తెలుసంటే, జ్ఞానాంబ ఆయన మేనత్త. ఆయన చిన్నతనంలోనే తండ్రి కుప్పయ్య పోతే, మేనల్లుడి చదువు ఆ గానుగ పొగలోనే సాగింది. హాస్టలు ఫీజులన్నీ బెల్లం దిమ్మెలై పుట్టినవే. ఈ విషయం ఆయన గ్రంథంలోని కృతజ్ఞతల పేజీలో లేదు. ఆ పేజీలో వైస్ ఛాన్సలర్ గారి శ్రీమతి గారు ఉన్నారు.

మార్కులు తక్కువైనవాళ్ళు సర్కారు జీతగాడి జామీను తెచ్చుకుంటే పరిశీలిస్తామని బ్యాంకు దయ చూపింది. జ్ఞానాంబ ఒక సంచి బెల్లం పట్టుకుని తిరుపతి బస్సెక్కింది. మేనత్త వస్తున్నట్టు ఫోను రాగానే గుణశేఖర్ గారి భార్య జయంతి ముందుజాగ్రత్తగా ఒక మాట చెప్పి పెట్టింది.

"సంతకం పెట్టొద్దని నేను సెప్పను. ఆమె మీకు అమ్మ మాదిరి. పెట్టే ముందర నన్ను మా పుట్టింట్లో దింపేసి రాండి, అంతే."

జ్ఞానాంబ వచ్చి, కాళ్ళు కడుక్కుని, బెల్లం సంచి వంటింట్లో దింపి, కాఫీ తాగి, చివరికి అసలు సంగతి ఎత్తింది.

"గుణా, బ్యాంకోళ్ళు జామీను అడగతా ఉండారు నాయనా. సర్కారు జీతగాడు ఎవురన్నా సంతకం పెడితే సాలంట. నువ్వు ఉండావు గదా అని వచ్చినా."

"నేను పెట్టకూడదు అత్తా. ఆ మార్కులు కనిపెట్టింది నేనే. నేనే సంతకం పెడితే నిష్పాక్షికత దెబ్బతింటాది."

"అంటే ఏంది?"

"అంటే... కుదరదని."

"ఆ మాట ముందే అనింటే సరిపాయ గదా. అంత పెద్ద మాట ఎందుకు?"

గుణశేఖర్ గారు తుమ్మారు. అబద్ధం ఆడవలసి వచ్చినప్పుడల్లా ఆయనకు ముక్కు దురద పెట్టి తుమ్ము రావడం చిన్నప్పటి నుంచీ ఉంది. గానుగ దగ్గర పాకం దొంగతనంగా తిని, తినలేదని చెప్పి తుమ్మేవాడు. జ్ఞానాంబ ఆ తుమ్మును గుర్తుపట్టింది. ఏసీ గాలి పడలేదేమో నాయనా అని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్టాండుకు పోయింది. నలభై ఏళ్ళు దాటిన మగవాడు, అప్పు ప్రమాదాన్ని ప్రపంచస్థాయిలో కొలిచినవాడు, తనను సాకిన మనిషి అప్పు కడుతుందో లేదో చెప్పలేక గుమ్మం వెనక నిలబడ్డాడు. సిగ్గుపడవలసిన సంగతే. ఆయన సిగ్గుపడ్డారు కూడా, సాయంత్రం సెమినారు మొదలయ్యేదాకా.

సూచీని ప్రజలకు అంకితం చేసే సభ కాణిపాకంలో, కోనేటికి దగ్గరలో ఉన్న ఒక కల్యాణమండపంలో జరిగింది. ఏ పనైనా వినాయకుడి దగ్గర మొదలుపెట్టడం మంచిదని రఘునాథ్ గారి నమ్మకం. మట్టిని రక్షించాలని రాసిన ప్లాస్టిక్ జెండాలు దారి పొడవునా కట్టారు. జనరేటరు మండపం బయట గుడగుడలాడుతుంటే లోపల ఇంధన పొదుపు మీద ఉపన్యాసాలు సాగాయి. అప్పులు దొరకని వాళ్ళందరినీ వెనక వరుసల్లో కూర్చోబెట్టారు, ఎందుకు దొరకలేదో వాళ్ళకు శాస్త్రీయంగా తెలియాలని.

"సోదర సోదరీమణులారా," అన్నారు రఘునాథ్ గారు. "మాది అప్పులిచ్చే బ్యాంకు కాదు, భవిష్యత్తునిచ్చే బ్యాంకు. భవిష్యత్తుకు మేము జామీను అడగం. అప్పుకు మాత్రమే అడుగుతాం. మీరు తక్కువ వాడండి, తక్కువ తిరగండి, తక్కువ మండించండి. మీ వంక చూసి భూమాత నవ్వాలి. ఆ తర్వాత మేము నవ్వుతాం."

ఆ తర్వాత గుణశేఖర్ గారు లేచారు. ముందు వరుసలో వైస్ ఛాన్సలర్ గారు ఉన్నారు. ఆయన్ను చూడగానే గుణశేఖర్ గారికి ప్రసంగ పాఠంలో లేని ఉత్సాహం వచ్చింది. నోరు ఊరుకోక తన గొయ్యి తాను తవ్వుకోవడం మొదలుపెట్టారు.

"పాశ్చాత్యులు రుణ ప్రమాదం గురించి నిన్నగాక మొన్న ఆలోచించారు. మన పూర్వులు ఎప్పుడో ఆలోచించి, స్నానం చేసి, తేల్చేశారు. ఈ కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ఎదుట చెప్పిన మాటకు మించిన జామీను ప్రపంచంలో ఎక్కడుంది? ఇది మన మహత్తర వారసత్వం. దీన్ని మన సూచీకి జోడిస్తే ప్రపంచ పరిశోధనా ధోరణే మారిపోతుంది."

చప్పట్లు మోగాయి. చప్పట్లు వింటే ఆగలేని మనిషి రఘునాథ్ గారు. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళు కాణిపాకంలో తడిబట్టలతో ప్రమాణం చేస్తే అప్పు ఇస్తామని అక్కడికక్కడే మైకులో ప్రకటించారు. పత్రికలవాళ్ళు రాసుకున్నారు. వైస్ ఛాన్సలర్ గారు తల ఊపారు. ఆ తల ఊపులో గుణశేఖర్ గారికి ఆచార్య పదవి ఊగుతూ కనబడింది.

వెనక వరుసలో నుంచి జ్ఞానాంబ లేచింది. నేరుగా కోనేటికి పోయి, మెట్లు దిగి, మునిగి, చీర నీళ్ళు కారుతుండగా మెట్ల మీదికి వచ్చి నిలబడింది. సభ మొత్తం ఆమె వెంట తరలి వచ్చింది.

"శభాష్," అన్నారు రఘునాథ్ గారు. "ఇక లోపలికి పోయి స్వామి ముందు చెప్పమ్మా, అప్పు కడతానని."

"సెప్తాను సార్. మీరు గూడా మునిగి రాండి, పోదాము."

"మేమెందుకమ్మా?"

"నేను కడతానంటా ఉండాను. మీరు కట్టదని రాసినారు. ఇద్దురు రెండు మాటలు సెప్పినప్పుడు ఒకరే మునిగేది యాడన్నా ఉండాదా? ఒకదాన్నే పోతే అది మొక్కు అవతాది సార్, ప్రమాణం కాదు. మీ లెక్క నిజమని మీరూ సెప్పల్ల."

ఆమె చెప్పినది ఆ ప్రాంతం ఆనవాయితీ. మేక పోయిందని ఒకరు, మేమెరగమని ఒకరు వచ్చి ఇద్దరూ మునుగుతారు. సాధారణంగా నీళ్ళు మోకాలి దాకా వచ్చేసరికి ఒకరికి మేక ఎక్కడుందో గుర్తుకొస్తుంది. అబద్ధం చెబితే స్వామి ఊరుకోడని అందరి నమ్మకం. అందుకే రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు కాణిపాకం రమ్మని సవాలు చేసుకుంటారు. సవాలు చేసినవాడు వచ్చిన రోజున రెండోవాడికి ఢిల్లీలో పని పడుతుంది. రెండోవాడు వచ్చిన రోజున మొదటివాడికి గుండె నొప్పి వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మునగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

రఘునాథ్ గారికి అదే క్షణంలో హెడ్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఫోను మోగలేదు గానీ వచ్చింది. చెవిన పెట్టుకుని కారు వైపు నడిచారు. పోతూ పోతూ, మార్కులు వేసింది ఢిల్లీబాబు అని చేత్తో చూపించారు.

"నేను యాడ వేసినాను అబ్బా, కంప్యూటర్ వేసింది," అన్నాడు ఢిల్లీబాబు. "దాన్ని తెమ్మంటే తెస్తా. నీళ్ళలో ముంచితే మళ్ళీ పని చెయ్యదు, అంతే."

కంప్యూటర్‌కు సూత్రం ఇచ్చింది ఎవరు అన్న ప్రశ్న పుట్టింది. జనమంతా గుణశేఖర్ గారి వైపు తిరిగారు. వైస్ ఛాన్సలర్ గారు కూడా తిరిగారు. పరిశోధకుడు తన పరిశోధన నిజమని చెప్పడానికి స్నానం చేస్తే తప్పేముందని ఆయన ముఖం అడుగుతోంది.

గుణశేఖర్ గారు చొక్కా విప్పారు. పంచె ఎగ్గట్టి మెట్లు దిగారు. మొదటి మెట్టు నీళ్ళలో పాదం పెట్టగానే ఒళ్ళంతా చలి పాకింది. ఆయనకు భక్తి మెండు. జర్నళ్ళలో ఏమైనా రాయవచ్చు, జర్నళ్ళకు కళ్ళు పోగొట్టే శక్తి లేదు. ఈ స్వామి అలా కాదు. చదవని వ్యాసాలన్నీ చదివానని ఏ నోటితో చెప్పాలి? అత్త అప్పు ఎగ్గొడుతుందని ఏ నోటితో చెప్పాలి? ఎగ్గొట్టదని ఆయనకు తన పేరెంత తెలుసో అంత తెలుసు. అసలు ఆ క్షణంలో ఆయన చేయగల పని ఒకటుంది. మునిగి, పైకి వచ్చి, నా లెక్క తప్పు, ఈమె మాట ఒప్పు అని చెప్పవచ్చు. చెబితే రోలరు వస్తుంది, గానుగ ఆడుతుంది. ఆచార్య పదవి పోతుంది. ఇంత తేలికైన లెక్క ఆయన జీవితంలో ఎప్పుడూ ఎదురుకాలేదు.

"దిగు నాయనా," అంది జ్ఞానాంబ, ఆయనకు మాత్రమే వినబడేట్టు. "చిన్నప్పుడు ఈడనే గదా నీకు ఈత నేర్పించింది. నీళ్ళు ఏమీ సెయ్యవు. ఉన్న మాట సెప్పేసి రా."

గుణశేఖర్ గారు తుమ్మారు. ఒకటి కాదు, వరసగా. సభకు ముఖ్య అతిథిగా వచ్చిన విశ్రాంత ప్రభుత్వ వైద్యులు డాక్టర్ ప్రేమానందం గారు గబగబా మెట్లు దిగి, నాడి పట్టుకుని, ఇది తీవ్రమైన జలుబు అని, ఇలాంటి స్థితిలో మేధావులు చన్నీళ్ళ స్నానం చేస్తే మెదడుకు ప్రమాదమని తేల్చారు. దేశం ఒక మేధావిని కోల్పోకుండా ఆపిన ఆ వైద్యుణ్ణి అందరూ అభినందించారు. ఎవరో తువ్వాలు తెచ్చి, తడవని గుణశేఖర్ గారి తల తుడిచారు.

కార్లన్నీ వెళ్ళిపోయాక జ్ఞానాంబ ఒక్కతే లోపలికి పోయింది. "సామీ, వాన పడినా పడకపోయినా, బెల్లానికి ధర ఉండినా లేకపోయినా, ఇచ్చిన అప్పు కడతాను," అని చెప్పి, చీర ఒంటి మీదే ఆరగా ఇంటికి నడిచింది.

బ్యాంకు ఊరికే కూర్చోలేదు. జలుబు ఘటనపై అధ్యయనానికి సంఘం వేసింది. దానికి అధ్యక్షులు గుణశేఖర్ గారే, ఎందుకంటే జలుబు గురించి స్వానుభవం ఉన్నవారు ఆయనొక్కరే. సంఘం చాలా న్యాయంగా ఆలోచించింది. అధికారులు, పరిశోధకులు, సాంకేతిక నిపుణులు కోనేట్లో మునగడం వల్ల విలువైన నీరు, అంతకంటే విలువైన ఆరోగ్యం వృథా అవుతాయి కాబట్టి, వారు ఫోనుకు వచ్చిన అంకెలు నొక్కి పొడి ప్రమాణం చేస్తే చాలునంది. అప్పు అడిగేవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే మునగాలంది. సంస్కృతిని కాపాడవలసిన బాధ్యత వాళ్ళ మీదే ఉందంది. అయితే మునిగినవాళ్ళు వాడిన నీటిని సూచీలో లెక్కించక తప్పదంది, సుస్థిరత అంటే ఇంధనం ఒక్కటే కాదు కదా. ఆ లెక్కన జ్ఞానాంబకు ఉన్న కాసిని మార్కులు కూడా పోయాయి. ఆమె దరఖాస్తు తిరస్కరిస్తూ బ్యాంకు పంపిన జవాబులో, నీటిని పొదుపుగా వాడమని ఒక నినాదం కూడా అచ్చు వేశారు.

గుణశేఖర్ గారు ఈ అనుభవం మీద ‘తడి, పొడి ప్రమాణాలు: నీటి వినియోగ సామర్థ్యం’ అని ఒక వ్యాసం రాశారు. దాన్ని పది దేశాలవాళ్ళు చదవకుండా ఉదహరించారు. కొత్త బుడగ పుట్టింది. ఆచార్య పదవి ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశారు. బెల్లం ఉందిగా.

చెరకు నరికే కాలం వచ్చింది. అతుకు వేసిన రోలరు మొదటి బండి చెరకుకే రెండుగా విడిపోయింది. రైతులు మిగిలిన చెరకును తమిళనాడు వైపు లారీలకు ఎత్తారు. పొయ్యి దగ్గర పాకం చూసే సుబ్బన్న కొన్నాళ్ళు కల్లంలో పిప్పి తిరగేస్తూ కూర్చుని, పెళ్ళాం బిడ్డలతో బెంగళూరు పోయాడు. గుడియాత్తం నుంచి పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి గానుగను, పెద్ద పెనాన్ని ఊడదీసుకుపోయారు. కరెంటు వాళ్ళు వచ్చి మీటరుకు సీలు వేశారు. పొగగొట్టం మీద కాకులు గూడు కట్టాయి.

ఆ తర్వాత బ్యాంకు నుంచి జ్ఞానాంబకు అభినందన వచ్చింది. మీ సంస్థ ఇంధన వినియోగ సామర్థ్యంలో అనూహ్యమైన ప్రగతి సాధించి, నూటికి నూరు మార్కులతో కార్వేటినగరం మిల్లు సరసన నిలిచిందని, మీరు అడిగిన అప్పు మంజూరు చేయడమైనదని, ప్రస్తుత సామర్థ్యాన్ని ఇలాగే నిలబెట్టుకోవాలన్నది ఒక్కటే షరతని అందులో ఉంది. అంటే గానుగ కొనడానికి అప్పు తీసుకోవచ్చు, గానుగ మాత్రం ఆడించకూడదు. ఉత్తమ హరిత మహిళగా సన్మానం కూడా ఉంటుందన్నారు.

సన్మానం తిరుపతిలో, ఏసీ హాల్లో జరిగింది. రఘునాథ్ గారు రెండు జిల్లాల్లో పొగగొట్టాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయని, ఇంత స్వచ్ఛమైన గాలి తన సర్వీసులో పీల్చలేదని గద్గద కంఠంతో చెప్పారు. శాలువా కప్పడానికి ఆచార్య గుణశేఖర్ గారిని పిలిచారు. మేనత్తను చూసి ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. జ్ఞానాంబ శాలువా కప్పించుకుంది. అప్పు కాగితం మాత్రం తీసుకోలేదు.

"ఆడేదానికి గానుగ లేదు, ఇంగ అప్పు ఏం సేసుకునేది సార్? కడతానని సామికి సెప్పినాను. తీసుకుంటే గదా కట్టేది," అంది రఘునాథ్ గారితో.

తర్వాత కొంగుముడి విప్పి, అరటాకులో చుట్టిన చిన్న బెల్లం దిమ్మె తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది.

"గానుగలో ఆఖరుగా దిగింది ఇదే అబ్బోడా. మిరియాలు దంచి, ఇది వేసి కషాయం కాంచుకో. ఆ జలుబు నీకు చిన్నప్పటి నుంచీ ఉండాది. ఇంకా పోలే."

ఆచార్య గుణశేఖర్ గారు ఏదో చెప్పబోయారు. చాలా బాధగా ఉందనే చెప్పబోయారేమో. తుమ్ము వచ్చింది.

ఈ మధ్య ఈ జలుబు రెండు జిల్లాల్లోనూ బాగా వ్యాపించిందట. తెలిసిన మనిషి మంచిదని నలుగురిలో ఒక్క మాట చెప్పవలసి వచ్చినప్పుడు, ఒక్క సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు, చదువుకున్నవాళ్ళకే ఎక్కువగా వస్తోందని డాక్టర్ ప్రేమానందం గారు చెబుతున్నారు. గుణశేఖర్ గారిని చూసి ఇంతసేపూ నవ్విన పాఠకులు, కిందటిసారి తమ గుమ్మంలోకి జామీను కోసం ఎవరు వచ్చారో, ఏం చెప్పి పంపించారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ముక్కు కాస్త దురదగా అనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మిరియాలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. బెల్లం కోసం మాత్రం కాణిపాకం దారిలో జ్ఞానాంబ దగ్గరికి పోవద్దు. అక్కడ నూటికి నూరు మార్కులు ఉన్నాయి, బెల్లం లేదు.